హాలు మధ్యలో గోడ

మా చిన్నప్పుడు ఒకరోజు పొద్దున్నే హాలు మధ్యలో మేస్త్రీ దారం పట్టి సున్నంతో గీత గీశాడు... గీతకి ఒకవైపు నాన్న, ఇంకోవైపు బాబాయ్. ఇద్దరూ ఆ గీతనే చూస్తున్నారు.

బాన్సువాడలో మా ఇంటిని దొర బంగ్లా అనేవారు. నిజాంసాగర్ కాలువల పనులప్పుడు ఎవరో ఇంగ్లీషు ఇంజినీరు, తన దేశంలో ఇళ్లలాగే కట్టించుకున్నాడట. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొన్న తాతయ్య, పాడుబడ్డ ఆ ఇంటినీ కొన్నాడు.

మూరెడు మందం రాతిగోడలు, ఏటవాలు పెంకుల కప్పు, నేల దాకా దిగే కిటికీలు, మేడ మీదికి చెక్క మెట్లు... హాలు గోడలో చలి కాచుకునే పెద్ద పొయ్యి, దాని పొగగొట్టం కప్పు దాటి పైకి పోయేది. మన ఎండలకి దాంతో పనేముంది? నాయనమ్మ అందులో ఆవకాయ జాడీలు పెట్టుకునేది.

తాతయ్య, నాయనమ్మ పోయాక పొలం వాటాల దగ్గర మాటా మాటా వచ్చింది. ఇల్లు అమ్మడానికి మాత్రం ఇద్దరికీ మనసొప్పలేదు. అడ్డంగా గోడ పెట్టుకుందామన్నారు. సరిగ్గా సగం కావాలంటే ఆ గోడ పొయ్యి మధ్యలోంచే పోవాలి.

"గింత మంచి హాలు... నడుమ గోడ పెడితె ఆగమైతది సార్. ఇంకోసారి సోచాయించుండ్రి" అన్నాడు మేస్త్రీ.

"కట్టు" అన్నాడు బాబాయ్. నాన్న కూడా అదే మాట అన్నాడు. ఆ రోజు వాళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

అప్పటిదాకా నేనూ, బాబాయ్ కూతురు పద్మా ఒకే మంచం మీద పడుకునేవాళ్లం. మా ఇద్దరికీ పిన్నే జడలు వేసేది. గోడ లేచాక అటు వెళ్లొద్దన్నారు... వెళ్లలేదు. ఏడ్చినట్టు గుర్తు లేదు. అమ్మ అన్నం పెట్టింది, తిన్నాను.

పొయ్యి లోపల, పొగగొట్టం కింద మేస్త్రీ చెయ్యి అందక కాస్త సందు మిగిలిపోయింది. బడి నుంచి రాగానే నేను ఇటు, పద్మ అటు కూర్చుని ఆ సందులోంచి గుసగుసలాడుకునేవాళ్లం. ఒకరోజు పద్మ గొంతు బాగా చిన్నగా వినిపించింది.

"అక్కా... ఇంక నీతో మాట్లాడొద్దన్నారు."

"సరేలే" అన్నాను. అంతే. మర్నాడు చూస్తే అటువైపు నుంచి సిమెంటు పెట్టేశారు. ఇంకా తడిగానే ఉంది...

నిరుడు నాన్న, బాబాయ్ చివరికి ఒప్పుకుని ఇల్లు అమ్మేశారు. కూల్చే రోజు అందరం వెళ్లాం. వీధివైపు గోడ తీసేశాక జేసీబీ మొదట ఆ నడిమి గోడనే తోసింది. ఇన్నేళ్లకి హాలు మొత్తం ఈ చివర నుంచి ఆ చివరిదాకా కనబడింది... అంత పెద్దదని మర్చిపోయాను. ఏదో ఒకటి అనిపిస్తుందనుకున్నాను. ఏమీ అనిపించలేదు. పద్మ వచ్చి పక్కన నిలబడింది. పిల్లలు ఏ క్లాసని అడిగింది. చెప్పాను. నేనూ అదే అడిగాను.

బాబాయ్ దుమ్ములోంచి నెమ్మదిగా నాన్న దగ్గరికి వచ్చాడు.

"అన్నయ్యా, టీ తాగుదాం రా."

"తాగే వచ్చాన్రా" అన్నాడు నాన్న.

కోపంగా కాదు... మామూలుగానే. బాబాయ్ తలూపాడు. ఒక్కడే వెళ్లిపోయాడు.

ఇప్పుడక్కడ షాపులు కడుతున్నారు. అటువైపు వెళ్లినప్పుడల్లా ఒకటే అనుకుంటాను... మా చిన్నప్పుడు పంచుకోవడమంటే కలిసి తినడం. ఆ మాటకి అర్థం మా ఇంట్లో ఒక్క పూటలో మారిపోయింది. మీ ఇంట్లో ఎప్పుడు మారింది?