షామియానా కింద సోడియం

తెలంగాణ సమ్మెకు బడులు మూతపడ్డ రోజుల్లో నేను కోరుట్లలో పదో తరగతి. అంతకుముందు పెట్టిన పరీక్షలో సైన్స్ తప్పాను. బీడీలు చేసి ఇల్లు నడిపే మా అమ్మ ఒకటే మాట అంది: "సమ్మె అయిపోయేదాక సూస్త. అప్పటికీ గిట్లనే ఉంటే బడి బంద్. నాతోని బీడీలకు కూసో."

అమ్మ అన్నదంటే చేసి తీరుతుంది. నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

బస్టాండు దగ్గర దీక్ష కోసం షామియానా వేశారు. బీడీలు చేసే ఆడవాళ్లంతా ఒళ్లో చాటలు పెట్టుకుని అక్కడే కూర్చునేవాళ్లు. మా సైన్స్ సారు కూడా మెడలో దండతో అక్కడే ఉండేవారు. అమ్మ పక్కన బీడీలకు దారం చుడుతున్న నన్ను పిలిచి, ఓ ప్లకార్డు తిరగేసి చేతికిచ్చారు.

"సోడియం అయాన్ లెక్క రాయి."

సోడియం పరమాణువులో ప్రోటాన్లు పదకొండు, ఎలక్ట్రాన్లు పదకొండు. అంతవరకు నాకు నోటికి వచ్చు. అయాన్ మీద ప్లస్ గుర్తుంది కదా, ప్లస్ అంటే కలపడమే కదా అని ప్రోటాన్లు పన్నెండు రాసిపారేశాను.

సారు నెత్తి పట్టుకున్నారు. "అయ్యో పిల్లా! పన్నెండు ప్రోటాన్లు రాసి సోడియంను మెగ్నీషియం జేస్తివి గదనే!"

కూర్చున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. వాళ్లకేం అర్థమైందని ఆ నవ్వు! నాకు ఒళ్లు మండింది.

సారు మాత్రం నవ్వలేదు. షామియానా గుంజను తట్టి చూపించారు. "గీ గుంజలు ప్రోటాన్లనుకో. కూసున్నోళ్లం ఎలక్ట్రాన్లం. ఒకడు లేసి చాయ్‌కి పోతే గుంజ ఊడుతదా?"

"ఊడది సార్."

"మరి? పోయేది, అచ్చేది ఎలక్ట్రానే. అది మైనస్. ఒక మైనస్ పోతే ఏది ఎక్కువైతది?"

"ప్లస్ సార్! ప్రోటాన్లు పదకొండే, ఎలక్ట్రాన్లు పది!" అన్నాను. అబ్బ, ఇంతేనా అనిపించింది.

క్లోరిన్ ఒక ఎలక్ట్రాన్ తీసుకుని క్లోరైడ్ అవుతుందని సారు చెబుతుండగానే పోలీసు వ్యాను వచ్చి ఆగింది. ముందు వరుసలో వాళ్లతో పాటు సారునూ ఎక్కించారు. అందరూ నినాదాలిస్తున్నారు. సారు కిటికీ జాలీకి ముఖం ఆనించి అరిచారు: "క్లోరిన్‌కు పదిహేడు! మరి క్లోరైడ్‌కు?"

వ్యాను వెంట ఉరికాను. "ప్రోటాన్లు పదిహేడే సార్! ఎలక్ట్రాన్లు పద్దెనిమిది!"

"శాబాష్ బిడ్డా!"

వ్యాను జగిత్యాల దిక్కు వెళ్లిపోయింది. తనను పట్టుకుపోతుంటే కూడా నా పాఠం మరవని మనిషి ఆయన. ఆయన రుణం నేను తీర్చుకోలేను.

రొప్పుతూ తిరిగొచ్చి మళ్లీ బీడీ అందుకోబోయాను. అమ్మ చాటను తన వైపు లాక్కుంది.

"ఇయ్యి నేను జేసుకుంట," అంది. "సారు అచ్చి అడుగుతడు. నువ్వు సదువుకో."