మా మావయ్య కోళ్లకు పేలు లేవు

మా మావయ్యకు ఒకటే పిచ్చి. తన కోళ్లకు పేలు లేవని లోకమంతా ఒప్పుకోవాలి. ఉన్నాయని ఎవరూ అనలేదు. అయినా ఒప్పుకోవాలి.

జీవితమంతా కళ్లజోళ్లు అమ్మి, దుకాణం కొడుక్కి అప్పగించి వచ్చేసేటప్పుడు ఒక్క భూతద్దం మాత్రం జేబులో వేసుకొచ్చాడు. పెరట్లో ఓ అరడజను కోళ్లు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లకంటే ముందు కోడి వచ్చేది. దాన్ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, తోక కింద ఈకలు విడదీసి, భూతద్దం అతిథి చేతికిచ్చి, మొహమాటపడకుండా దగ్గరగా చూడమనేవాడు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతను ఒకసారి కోడిని చూసి, మీటరు చూడకుండానే వెళ్లిపోయాడు. పెళ్లయిన కొత్తలో తన మొహం కూడా అంత శ్రద్ధగా చూడలేదని మా అత్తయ్య గొణుక్కునేది.

ఆయన పరువంతా రాణి అనే ఎర్రపెట్ట దగ్గర ఇరుక్కునేది. ఏడాదికోసారి దాని ఈకలు రాలి మెడ బోసిపోయేది. మూలింటావిడ ఓసారి గోడ మీదుగా చూసి, పేలు పట్టాయేమో అన్నయ్యగారూ అంది. ఆ పూట మావయ్యకు అన్నం సయించలేదు.

"పేలు పడితే ఈకల మొదట్లో గుడ్లు గుత్తులుగా కనిపిస్తాయి, చర్మం ఎర్రగా కందుతుంది. దీనికి కొత్త ఈకలు మొలుస్తున్నాయి. పాత చీర విడిచి కొత్తది కట్టుకునే మధ్యలో ఉంది పాపం. అప్పుడు చూసి మాట్లాడొచ్చా?" అని నాతో వాపోయాడు. చివర్లో ఎప్పుడూ చెప్పే మాట ఎలాగూ ఉంది. కోడి పేను మనిషి తలలో కాపురం చెయ్యదు. ఈ పాఠం నాకు కంఠతా వచ్చు.

మేడ మీద వాటాలో ఒక నర్సు, ఆవిడ కూతురు అద్దెకుండేవారు. పిల్లకు నడుము దాకా జుట్టు. ఆ ఏడు వీధిలో పిల్లల తలల్లో పేలు పడ్డాయి. కొత్తగా వచ్చింది వాళ్లే కాబట్టి పేలు కూడా వాళ్లతోనే వచ్చాయని మూలింటావిడ తేల్చేసింది. మర్నాటి నుంచి పిల్లలెవరూ ఆ అమ్మాయితో ఆడలేదు. తాడాట తాడు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చునేది. వాళ్లమ్మ వేరే ఇల్లు వెతకడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం గేటు దగ్గర ఆడవాళ్లు, పిల్ల వింటోందని కూడా చూడకుండా, అదే విషయం మాట్లాడుతున్నారు. మావయ్య రాణిని చంకనెత్తుకుని వాళ్ల దగ్గరికి వెళ్లాడు.

"ఆ పిల్లననకండమ్మా. ఆ పేలు నా కోళ్లవి" అన్నాడు.

"ఒక్కటీ లేవన్నారు కదా?" అంది మూలింటావిడ.

"గొప్పకి చెప్పాను. దీని మెడ చూడండి. మీరు అప్పుడే అన్నారు, నాకే తలకెక్కలేదు."

నేను నోరు తెరిచాను. అత్తయ్య నా కాలు తొక్కింది.

ఆ తర్వాత వీధంతా ఆయనకు చీవాట్లు పెట్టింది. అందరూ చూస్తుండగా గూడు ఖాళీ చేసి, చెక్క సందుల్లో వేడినీళ్లు పోసి, సున్నం కొట్టాడు. పిల్లలందరి తలలూ ఒకేసారి దువ్వాలని, లేకపోతే తన కోళ్ల పేలు మొండివి కనక మళ్లీ వస్తాయని బెదిరించాడు. అత్తయ్య పేలదువ్వెన పట్టుకుని అరుగు మీద కూర్చుంది. మేడమీద పిల్ల ఆ వరసలో ఒకతి, అంతే. మూలింటావిడ కొడుకు తల దగ్గర మాత్రం అత్తయ్యకు చెయ్యి నొప్పెట్టింది. నర్సు ఇల్లు వెతకడం మానేసింది.

మావయ్య భూతద్దం జేబులోంచి తియ్యడం మానేశాడు. కొత్తవాళ్లెవరైనా వస్తే మంచినీళ్లే ఇచ్చి, దిగాలుగా పెరటి వైపు చూసేవాడు. కోళ్లాయన కాస్తా పేలాయన అయిపోయాడు.

రాణికి మెడనిండా కొత్త ఈకలొచ్చిన రోజున నన్ను గూడు వెనక్కి పిలిచాడు. దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, భూతద్దం నా చేతిలో పెట్టాడు.

"నువ్వొక్కడివైనా చూడరా."

తోక కింద, రెక్కల కింద, మెడ చుట్టూ చూశాను. పాలలో కడిగినట్టుంది.

"ఒక్కటి కూడా లేదు మావయ్యా."

మేడ మీద పిల్లలు తాడాట ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మెల్లిగా. పైకి వినపడుతుంది" అన్నాడు.

తర్వాత రాణి వైపు తిరిగి, "విన్నావుగా" అని దాన్ని కిందికి దింపాడు.