సైకిలు పరీక్ష

అనకాపల్లిలో కార్లకి వైరింగ్ చేసే ఆయన్ని అందరూ మామా అనే పిలిచేవారు. కొత్త లైట్లు బిగించాక తాళం వెంటనే ఇచ్చేవాడు కాదు.

మా పాత చిన్న కారుకి ఎల్‌ఈడీలు వేసిన రోజు, "ఇంకా పైకి పెట్టు మామా, ఎలమంచిలి దాకా కనబడాలి" అన్నాను. ఆయన చీకటి పడనిచ్చి, తన సైకిలు నా చేతికిచ్చేడు.

"రోడ్డు సివర్నించి ఎదురుగా తొక్కుకుంటూ రా అల్లుడూ. నీ లైట్లు నువ్వే సూడు."

సగం దూరం రాకముందే కళ్లు బైర్లు కమ్మి, చెరుకురసం బండి పక్కనున్న పిప్పి కుప్పలో పడ్డాను.

"కిందికి దించు మామా."

"అందరూ అదే అంటారు" అని స్క్రూడ్రైవర్ తీసేడు.

పని ముగించి, ఆ సైకిలే ఎక్కి ఇంటికి బయల్దేరేడు. అప్పుడు చూసేను, దానికి లైటు లేదు. వాళ్ల సందు దాకా డిమ్ లైట్లతో ఆయన వెనకాలే నిదానంగా వెళ్లేను.