‘వందనాలండీ’ అన్న గొంతు

చచ్చిపోయాడని రూఢి అయిన మనిషి మీకు పట్టపగలు ఫోన్ చేస్తే, మీరు ముందు ఎవరిని అనుమానిస్తారు? దయ్యాన్నా, బతికున్నవాళ్లనా?

నేను బతికున్నవాళ్లనే అనుమానించాను. ఇప్పటికీ అనుమానిస్తున్నాను. దయ్యాలు లేవని వేదికలెక్కి వాదించినదాన్ని. నర్సీపట్నంలో చేతబడి పేరుతో ఒక ముసలామెను కొట్టబోతే అడ్డం నిలబడి తిట్లు తిన్నదాన్ని. ఈ ఒక్క సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

నేను రంగూన్‌లో పుట్టాను. మావాళ్లు తిరిగొచ్చేసరికి బర్మా భాష చదవడం, రాయడం వచ్చేసింది. తొంభైల చివర్లో, ఆ దేశం వదిలి పారిపోయినవాళ్లు బ్యాంకాక్‌లో ఒక చిన్న వార్తల ఆఫీసు నడిపేవారు. లోపల ఏం జరుగుతోందో బయటివాళ్లకు తెలియనివ్వని దేశం అది. వాళ్లకు నేను నర్సీపట్నంలోని అద్దె ఇంట్లో కూర్చుని పనిచేసేదాన్ని. పొద్దున్నే షార్ట్‌వేవ్‌లో అక్కడి సర్కారు రేడియో విని క్యాసెట్ మీద ఎక్కించేదాన్ని. రేడియో చెప్పినదానికంటే చెప్పకుండా దాటేసినదాన్ని పట్టుకోవడమే అసలు పని. మిగతా సమయంలో పిల్లలకు ట్యూషన్లు చెప్పేదాన్ని. అందుకే ఊళ్లో నేను టీచరమ్మను.

ఆ దేశం లోపలినుంచి నాకు వార్తలందించిన మనిషి సంసోను. మా వీధిలోని రూతమ్మకు అన్న. వాళ్లది మిషను చర్చి కుటుంబం. అరవైల్లో తల్లిదండ్రులు చిన్నపిల్ల రూతమ్మను తీసుకుని ఓడెక్కారు. సంసోను మేనమామతో అక్కడే ఉండిపోయాడు. తర్వాత సరిహద్దు దగ్గర వ్యాపారం పెట్టుకున్నాడు. సంత రోజున సరిహద్దు గేటు దాటి మణిపూర్ వైపు ఊరికి వచ్చి, ఎస్టీడీ బూత్ నుంచి నాకు ఫోన్ చేసేవాడు.

మా ఇద్దరికీ ఒక ఏర్పాటు ఉండేది. నేను ఫోన్ ఎత్తగానే అతను ‘వందనాలండీ’ అంటాడు. అది చర్చివాళ్ల పలకరింపు. పక్కన ఎవరైనా ఉండి బలవంతంగా మాట్లాడిస్తుంటే ‘నమస్కారం’ అనాలి. ఒకసారి నిజంగానే ‘నమస్కారమండీ’ అన్నాడు. ఉల్లిపాయల గురించి ఏదో మాట్లాడి పెట్టేశాడు. తన వెనకే గేటు దాటొచ్చిన ఇద్దరు బర్మా నిఘావాళ్లు పక్కన నిలబడ్డారని తర్వాత చెప్పాడు. ఈ ఏర్పాటు మా ఇద్దరికీ రూతమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఒక వర్షాకాలంలో అతని ఫోన్లు ఆగిపోయాయి. తర్వాత ఒక మధ్యాహ్నం సర్కారు రేడియో, సరిహద్దు దగ్గర చనిపోయిన ‘విద్రోహుల’ పేర్లు చదివింది. అందులో అతని బర్మా పేరు ఉంది. రేడియో మాట మీద నేను దేన్నీ నమ్మను. గేటు ఇవతల ఊళ్లో ఉన్న పాస్టరుగారికి ఫోన్ చేశాను. శవాన్ని తానే తెచ్చి, కడిగి, పాతిపెట్టానన్నారు. మా పనిలో ఒక వార్తకు రెండు ఆధారాలు కావాలి. రెండూ దొరికాయి. ఇక్కడ చర్చిలో అతని పేరున ఆదరణ కూడిక జరిగింది. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను.

సంసోనుకు ఒక్కతే కూతురు, ఎస్తేరు. తల్లి ఎప్పుడో పోయింది. తండ్రి పోయాక ఆ పిల్ల కోసం నిఘావాళ్లు ఇంటికి వచ్చి వెళ్లారు. మరుసటి సంత రోజున బుట్టలు మోసే ఆడవాళ్ల మధ్య ఆమెను గేటు దాటించాలని పాస్టరుగారు ఏర్పాటు చేశారు. దాటితే మేనత్త దగ్గరకు వస్తుంది. దొరికితే తండ్రి వెనకే పోతుంది.

సంతకు ముందు ఆదివారం. చర్చి అయిపోయి రూతమ్మ మా ఇంటికొచ్చి కూర్చుంది. ఎండ కాస్తోంది. ఫోన్ మోగింది. అలవాటు ప్రకారం రికార్డరు నొక్కి ఎత్తాను.

“వందనాలండీ, టీచరమ్మగారూ.”

సంసోను గొంతు. నాకు మొదట వచ్చింది భయం కాదు, కోపం. ఎవడో అతని పాత మాటలు అతికించి వినిపిస్తున్నాడనుకున్నాను. “ఎవరు నువ్వు?” అన్నాను.

“నానేనండి. సంత రోజున అమ్మాయిని గేటు కాడికి రానీకండి. బేగి కబురెట్టండి.”

ఇంకేం అడగాలో నాకు తోచేలోపు రూతమ్మ రిసీవరు లాక్కుంది. రిసీవరు ఇద్దరి చెవులకూ మధ్య ఉంది. ఆవిడ ఏడవలేదు. గద్దించింది.

“మా అన్నవే అయితే సెప్పు. ఓడెక్కిన నాడు నాను నీ సేతిలో ఏటెట్టేను?”

“ఏటెట్టేవు? ఏటికొప్పాక బొమ్మ. తల నువ్వే ఊడదీసేవు కదే రాచ్చసీ! తల నీకాడ, మొండెం నాకాడ.”

లైను కట్ అయింది.

రిసీవరు పెట్టేసి రూతమ్మ చెప్పింది. అది తాత ఇక్కడినుంచి బర్మాకు తీసుకెళ్లిన లక్క బొమ్మట. విడిపోయేటప్పుడు చెరో ముక్క దాచుకున్నారట. అప్పటిదాకా ఆవిడ నాకే కాదు, కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదట.

నేను ఆవిణ్ణే నిలదీశాను. ఎవరికి చెప్పావు, ఎప్పుడు చెప్పావు, సరిగ్గా ఆ సమయానికి మా ఇంటికి ఎందుకొచ్చావు?

“ఏటీ, నా మీదా మీ అనుమానం? మా అన్నని నానే సంపేసి, నానే మాటాడించేనా? మీ బుర్రలో పురుగుంది టీచరమ్మా!”

ఉంది. ఆ పురుగే నాకు అన్నం పెట్టింది. ఆ దేశపు నిఘావాళ్లు మనిషిని హింసించి ఏదైనా చెప్పించగలరు. బొమ్మ సంగతి అలాగే రాబట్టారా? ఆ పిల్లను లోపలే ఆపి పట్టుకోవడానికి పన్నిన వలా ఇది? ఆపితే ఇంటి దగ్గర దొరుకుతుందేమో. ఆపకపోతే గేటు దగ్గర దొరుకుతుందేమో. తప్పు ఎటు జరిగినా ప్రాణం పోయేది ఎస్తేరుదే.

చివరికి నన్ను కదిలించింది బొమ్మ కాదు, ‘వందనాలండీ’ అన్న మాట. హింసకు లొంగి అన్నీ చెప్పేసిన మనిషి ఆ ఒక్క ఏర్పాటునూ చెప్పేసి ఉండవచ్చు. చెప్పలేదని నేను పందెం కాశాను. దాన్ని హేతువాదం అంటారో లేదో మీరే చెప్పండి.

పాస్టరుగారికి ఫోన్ చేసి, ఆ రోజు వద్దు, పిల్లను ఇల్లు కూడా మార్చండి అన్నాను. ఆయన మండిపడ్డారు. ఎవరు చెప్పారని అడిగారు. లోపలి మనిషి ఒకరన్నాను. మా పనిలో చెప్పినవాళ్ల పేరు బయటపెట్టం. ఆ నియమం నన్ను అంతగా ఆదుకున్న రోజు మరొకటి లేదు.

సంత రోజున గేటు దగ్గర బుట్టలన్నీ దింపించారట. ఆడవాళ్లను వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరి ముసుగూ తీయించారట. చూస్తున్నవాడి చేతిలో ఎస్తేరు ఫోటో ఉందని పాస్టరుగారే చెప్పారు. ఈసారి ఎవరు చెప్పారని ఆయన అడగలేదు.

కొన్ని వారాల తర్వాత అడవి దారిన ఎస్తేరు ఇవతలికి వచ్చింది. రైలు దిగి నర్సీపట్నం చేరాక, అత్త ముందు ఒక గుడ్డ మూట విప్పింది. అందులో రంగు వెలిసిన చెక్క మొండెం ఉంది. పాతిపెట్టేముందు శవం నడుముకు కట్టి ఉంటే పాస్టరుగారు తీసి ఉంచారట. ఏదో పిల్లల ఆటవస్తువనుకుని ఎవరికీ చెప్పలేదట. రూతమ్మ ట్రంకు పెట్టెలోంచి తల తెచ్చి పెట్టింది. సరిగ్గా కూర్చుంది.

అంతవరకూ నేను పట్టుకు వేలాడిన వివరణ ఒక్కటే. పాతిపెట్టింది వేరెవరినో, సంసోను ఎక్కడో బతికే ఉన్నాడని. ఆ బొమ్మతో అదీ పోయింది. చనిపోయింది అతనే. పాతిపెట్టాకే ఫోన్ వచ్చింది.

అయినా నేను ఊరుకోలేదు. అతను మాట్లాడే బూత్ యజమానిని అడిగాను. ఆ ఆదివారం అక్కడ బంద్, షట్టరే ఎత్తలేదన్నాడు. ఫోన్ మరోచోటినుంచి వచ్చి ఉండవచ్చు. ఎక్కడినుంచో తెలుసుకునే దారి ఆ రోజుల్లో నాకు లేదు. సంసోను పాత క్యాసెట్లన్నీ మళ్లీ విన్నాను. బొమ్మ మాట ఎక్కడా లేదు. ‘రాచ్చసీ’ అన్న మాటా లేదు. ఆ ఆదివారం క్యాసెట్‌లో మాత్రం రెండూ ఉన్నాయి.

చర్చివాళ్లు ఇది దేవుని కార్యమని సాక్ష్యం చెప్పమన్నారు. పక్కింటి పంతులుగారు శాంతి చేయిస్తే మంచిదన్నారు. ఇద్దరినీ ఒకే గుమ్మంలోంచి పంపించేశాను. ఎస్తేరు బతికింది, అది నిజం. ఎందుకు బతికిందో తెలియదు, అదీ నిజమే. తెలియనిదానికి పేరు పెట్టి హుండీ పెట్టడం మాత్రం మోసం.

ఎస్తేరు ఇప్పుడు మాకవరపాలెంలో నర్సు. ఆ క్యాసెట్ వింటానని ఇంతవరకూ అడగలేదు. నేనూ వినమనలేదు.

మిమ్మల్ని మాత్రం వినమంటున్నాను. నర్సీపట్నం రండి. నా ఎదుట కూర్చుని ఆ క్యాసెట్ వినండి. మోసం ఎక్కడుందో వేలుపెట్టి చూపించండి. చూపించలేకపోతే, దేవుడనో దయ్యమనో అనకుండా, నాలాగే ‘తెలియదు’ అని పైకి చెప్పి, అప్పుడు నా గుమ్మం దాటండి.