పోలిరాజు పేనిన తాడు

రాజోలు దాపున, గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట, పడవల మీద బతికే ఇంట్లో పుట్టాడు పోలిరాజు. ఓడ పని కంటే తాడు పేనడం అతనికి బాగా వచ్చు. కొబ్బరి పీచు అరచేతుల మధ్య తిప్పుతుంటే తాడు తనంతట తానే పొడుగవుతున్నట్టుండేది. పెళ్ళయిన రెండో ఏట, ఆరు నెలల్లో వస్తానని భార్య గంగాదేవికి చెప్పి కోరంగిలో ఓడెక్కాడు. కలకత్తాలో మరో ఓడ దొరికింది. అది ఆస్ట్రేలియా వెళ్ళింది. అప్పటికి 1852.

అక్కడి రేవు కలలోదిలా ఉంది. ఓడలన్నీ తెరచాపలు దించి ఊరికే తేలుతున్నాయి, వాటి మీద మనుషుల్లేరు. లోపలి కొండల్లో బంగారం దొరికిందని ఓడల్లోని కళాసులంతా పారిపోయారట. మూడోరోజు పోలిరాజు ఓడవాళ్ళూ పారిపోయారు. అతను వాళ్ళ వెనకే ఆరు రోజులు నడిచాడు.

బంగారం తవ్వే ఆ ఊరికి ఇంకా పేరు స్థిరపడలేదు. కొండ వాలంతా గుడ్డ డేరాలు. పొద్దున మంచులో పొగ లేస్తుంటే ఊరు నేల మీదుందో మబ్బులో ఉందో తెలిసేది కాదు. వాగు నీళ్ళు పసుపు కలిపినట్టు పారేవి. మనుషులు నిలువు గోతులు తవ్వి అందులోకి దిగేవారు. పైన అడ్డంగా తిరిగే దుంగకు చుట్టి, కొసన బొక్కెన కట్టిన తాడే వాళ్ళ ప్రాణం. పోలిరాజు తవ్వకం జోలికి పోకుండా, పాత ఓడతాళ్ళు విప్పి కొత్తగా పేనసాగాడు. అతని తాడు తెగదని పేరొచ్చింది.

పక్క డేరా దానియేలుది. ఎర్రగడ్డం తెల్లవాడు. అతని భార్య నిప్పుల్లో రొట్టె కాల్చి పోలిరాజుకూ ఒక ముక్క పెట్టేది. వాళ్ళ మధ్య మాటలు సగం చేతులతోనే నడిచేవి. దానియేలు గోతిలో ఉన్నంతసేపూ పైన దుంగ తిప్పేది పోలిరాజే.

ఆ చలికాలం తొమ్మిది రోజులు వాన పడింది. పదోరోజు దానియేలు గోతిలోకి దిగబోతుంటే, పోలిరాజు మట్టి పిడికిట్లో పిండి నీళ్ళు కారడం చూపించి వద్దని చెయ్యి ఊపాడు. దానియేలు నవ్వి, తాడు తట్టి దిగిపోయాడు. మధ్యాహ్నం తాడు రెండుసార్లు కదిలింది. పైకి లాగమని సైగ. పోలిరాజు దుంగ తిప్పబోయేలోగా కింద ఎవరో నిట్టూర్చినట్టు చప్పుడైంది. మట్టి కూలింది. అతను పిచ్చిగా తిప్పాడు. ఖాళీ బొక్కెన పైకొచ్చింది. తాడు ఒక్క పోగు కూడా తెగలేదు.

రెండు రోజులు తవ్వితే శవం దొరికింది. పాతిపెట్టి వచ్చినవాళ్ళు తాడు పట్టి చూసి, గట్టి తాడని మెచ్చుకున్నారు. ఆ మాట అతని గుండెల్లో దిగబడింది. మళ్ళీ అక్కడ తాడు ముట్టుకోలేదు. రేవుకు తిరిగొచ్చి మూటలు మోశాడు. కలకత్తా పోయే ఓడ దొరికి ఇల్లు చేరేసరికి ఏడేళ్ళు గడిచాయి.

ఇసుక దారి ఉండాల్సినచోట కొత్త కాలువ పారుతోంది. కొబ్బరితోటల నడుమ పడవలు నిశ్శబ్దంగా పోతున్నాయి. వేరే ఊరికి వచ్చాననుకున్నాడు. గట్టు మీద నానిన పీచు కొడుతున్న మనిషి తలెత్తి చాలాసేపు చూసింది.

"నువ్వేనా మావా?"

"ఆయ్, నేనే."

గంగాదేవి కాళ్ళకు నీళ్ళు తెచ్చింది.

ఊళ్ళోవాళ్ళు బంగారం గురించి అడిగితే అతను నవ్వి ఊరుకునేవాడు. ఓ వేసవిలో పొరుగింటి అబ్బులు నుయ్యి తవ్వడం మొదలెట్టి అతని దగ్గరికొచ్చాడు.

"అన్నా, దిగడానికి ఓ తాడు పేనిపెట్టవా?"

పోలిరాజు లేచి కాలువగట్టుకు వెళ్ళిపోయాడు. గంగాదేవి వెతుక్కుంటూ వచ్చింది. అప్పుడు మొదటిసారి అంతా చెప్పాడు.

"ఆ రొట్టె పెట్టినావిడేమైంది మావా?"

"రేవుకెళ్ళే బండెక్కించేను. తర్వాత తెలీదు."

"వద్దంటే ఆయన ఆగేడు కాదు. అబ్బులు ఆగుతాడేమో, చెప్పి చూడు."

మర్నాడు పోలిరాజు అబ్బులు దగ్గరికెళ్ళాడు. మట్టి కూలకుండా గోతి లోపల చుట్టూ తాటిచెక్కలు దిగ్గొట్టందే తాడివ్వనన్నాడు. అబ్బులు గొణిగాడు గానీ విన్నాడు. పదకొండో రోజున కిందినుంచి కేక వినిపించింది.

"నీళ్ళు పడ్డాయన్నా! తియ్యగున్నాయి!"

పోలిరాజు తాడు లాగాడు. అబ్బులు పాదాలు గట్టు మీద ఆనాక, తను అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. అబ్బులు కంగారుగా, పక్కనే నిలబడ్డ గంగాదేవికేసి చూశాడు.

"ఏడవనీ," అంది ఆమె, మొగుడి పక్కన కూర్చుంటూ.