మూడో లడ్డూ ముందు కళ్లు మూసుకుంటే

నాకు ఆకలి కడుపులో పుడుతుందా, మనసులో పుడుతుందా? కాలేజీ రోజుల నుంచి ఈ ప్రశ్నను మోస్తున్నాను, దానితోపాటు బరువునూ. రెండేళ్ల కిందట ఒక పెళ్లిలో మూడో లడ్డూకు చెయ్యి చాపితే, మా చెల్లి పదిమందిలో "సాలక్కా, ఇగ" అంది. అప్పటి నుంచి మాటల్లేవు. మొన్న తనే ఫోన్ చేసి భద్రాచలంలో తన ఇంటికి రమ్మంది. దిగులేస్తే తినడం నా అలవాటు. అందుకే ఈమధ్య ఒక ధ్యాన శిబిరంలో నేర్పిన ఎరుకను నమ్ముకుని బయలుదేరాను. తినేముందు కళ్లు మూసుకుని, ఇది ఆకలా, దిగులా అని నన్ను నేను అడగాలి.

ఖమ్మంలో పొద్దున ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే మూడు గంటల పైచిలుకు ప్రయాణం, ఆడవాళ్లకు టికెట్ ఉచితం. కొత్తగూడెంలో టిఫిన్‌కి కాసేపు ఆపారు. తోపుడు బండి దగ్గర మిరపకాయ బజ్జీల ప్లేటు ముందు పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. బస్సులో నా పక్కన కూర్చున్న ఇల్లందు నర్సమ్మ చూసి, "ప్రార్థన చేస్తున్నరా అక్కా? ఆగుండ్రి, నేను గూడ కలుస్త" అంటూ, నేను కాదనేలోపే చెయ్యి పట్టుకుంది. బజ్జీలతో మొదలైన ఆమె ప్రార్థన బొగ్గుబావుల్లో దిగినవాళ్లను, మా డ్రైవర్‌ను, ఆయన బ్రేకులను కూడా దీవించింది. నాకు నోరూరడం తప్ప వేరే ఎరుక లేదు.

"అక్కా, బజ్జీలు సల్లారుతున్నయ్. దేవునికి జర జల్దీ చెప్పుండ్రి!" అన్నాడు బండాయన.

"నీ నూనె గురించి గూడ చెప్తున్ననన్నా, ఆగు" అంది ఆమె కళ్లు తెరవకుండానే.

"ఆమేన్ అనుండ్రమ్మా, బస్సు కదుల్తది!" అని కండక్టర్ అరిచాడు.

బజ్జీలు పొట్లం కట్టించుకుని పరుగెత్తాం. పాల్వంచ దాటాక రోడ్డుకు రెండువైపులా అడవి మొదలైంది. చెల్లి ఏమంటుందోనన్న గుబులు కూడా అక్కడే మొదలైంది. గోదావరి వంతెన వచ్చేసరికి పొట్లం ఖాళీ. నర్సమ్మ తిన్నది ఒక్కటే.

చెల్లి పలకరింపు కంటే ముందు ప్లేటు పెట్టింది. అందులో మూడు లడ్డూలు. లెక్క ఇద్దరికీ తెలుసు. రెండు తిన్నాను. మూడోదాని ముందు కళ్లు మూసుకున్నాను.

"ఏందక్కా, ఇంకా కోపం పోలేదా?" ప్లేటు ఇంకాస్త నా ముందుకు జరుపుతూ అడిగింది చెల్లి.

కళ్లు తెరిచాను. "కాదే, ప్రార్థన."

"గుడికే సక్కగ పోవు, నీకు ప్రార్థన ఏందే!" అంది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ నవ్వులో లడ్డూ ఎప్పుడు నోట్లోకి పోయిందో తెలియదు.

ఎరుకతో తినాలనుకుని ఈ దారిన వచ్చేవారికి ఒక్క మాట: కళ్లు మూసుకునేదేదో బస్సులోనే కానిచ్చేయండి, బజ్జీలు వేడిగా దొరుకుతాయి. ఇక ఆ మూడో లడ్డూ సంగతి. ఆకలితో తిన్నానా, చెల్లి నొచ్చుకుంటుందన్న భయంతోనా, సంతోషంతోనా? ఎన్నిసార్లు ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను.