జపాన్ ఇంటికి గద్వాల రొట్టెల గుడ్డ

జపాన్‌లో ఒక రైతు కుటుంబంతో మూడు వారాలు ఉండే యువజన బృందంలో నాకు చోటు దొరికింది. ఆ ఇంటికి మన ప్రాంతం కానుక ఒకటి తీసుకెళ్లాలి. హైదరాబాద్‌లో చిన్న తాజ్‌మహల్ బొమ్మ కొనుక్కో అన్నారు మిత్రులు. నాకు ఒళ్లు మండింది. పాలమూరు చెమట చుక్కయినా అంటని బొమ్మను మోసుకెళ్లి వాళ్లకేం చెప్పాలి? నేసినవాళ్ల చేతి నుంచే గద్వాల చీర కొంటాను, దళారికి పైసా ఇవ్వను అని శపథం చేశాను. అప్పటికి విమానానికి రెండే రోజులు.

వనపర్తిలో పొద్దున్నే బస్సెక్కితే పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా గద్వాలకు రెండు గంటలు, టికెట్టు ముప్పై రూపాయల్లోపే. ఆరోజు పెబ్బేరు సంత. రోడ్డు నిండా ఎద్దులే. హారన్ కొట్టమని డ్రైవరు మీద అరిచాను. "జర ఆగు తమ్మీ. అవి బెదిరితే నువ్వు దిగి పట్టుకొస్తవా?" అన్నాడాయన.

గద్వాలలో అడుగుతూ పోతే మగ్గాల వీధి దొరికింది. గుంట మగ్గంలో కూర్చుని నేస్తున్న మొగులయ్యను, ఆ చీరే ఇమ్మని అడిగాను.

"నూలు సావుకారిది, జరీ సావుకారిది. నీకమ్మితే రేపు నూలెవడిస్తడు?"

"నీ చేత్తో నేసింది నీది కాకపోవడమేంది!" దళారుల దోపిడీ మీద కరపత్రాల్లో చదివిందంతా గడగడా అప్పజెప్పాను.

"నువ్వు లొల్లి చేసి బస్సెక్కుతవ్. నేనీడనే ఉండాలె గద," అన్నాడు, మగ్గం ఆపకుండా.

పక్కనే కండెలు చుడుతున్న ఆయన భార్య నర్సమ్మ నవ్వింది. "ఇంతకీ ఆ జపానామె చీర కడుతదా?"

"తెల్వదక్కా."

"తెల్వకుండనే గింత లొల్లా?"

లోపలికెళ్లి ఎర్ర గళ్ల నూలు గుడ్డ ఒకటి తెచ్చింది. "ఇది మా నూలే. ఇంట్లకు నేసుకున్నం. మేం రొట్టెలు కట్టుకుంటం. ఆమె ఏం కట్టుకుంటదో కట్టుకోనీ." అడిగిన అరవై రూపాయలు ఇచ్చి తీసుకున్నాను.

జపాన్ చేరిన సాయంత్రం దాన్ని కాగితంలో చుట్టి, ఆ ఇంటి అవ్వకు రెండు చేతులా అందించాను. ఆమె వంగి దండం పెట్టింది. విప్పకుండానే అరలో పెట్టేసింది! మా ఇళ్లల్లో పొట్లం గడప దాటకముందే విప్పేస్తారు. తాజ్‌మహలే నయమేమో అనుకుంటూ, ముభావంగా అన్నం తిన్నాను.

మర్నాడు పొలానికి బయల్దేరుతుంటే అవ్వ నా చేతిలో అన్నం డబ్బా పెట్టింది. నర్సమ్మ గుడ్డలో కట్టి ఉంది, పైన గట్టి ముడి. ఇచ్చినవాళ్ల ముందే విప్పడం అక్కడ మర్యాద కాదని ఆమె మనవరాలు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. గుండెల మీంచి బండ దించినట్టయింది.

మొగులయ్య నేసిన చీర ఆయనది ఎందుకు కాదన్న కోపం నాకింకా పోలేదు, పోకూడదు కూడా. కానీ వాళ్ల సొంత నూలుతో నేసిన గుడ్డ మాత్రం సముద్రాలు దాటి ఇంకో పొలానికి సద్ది మోసింది. మీరూ వెళ్తుంటే తేలికైన నూలుగుడ్డ తీసుకెళ్లండి. ఇవ్వగానే విప్పలేదని మొహం మాడ్చుకోకండి, తెల్లారేదాకా ఆగండి.